అంకుల్ సర్గమ్ కోసం పాకిస్తాన్ ఎందుకు కంటతడి పెట్టింది?

రంజాన్ పండుగ మర్నాడు, 2021 మే 14 శుక్రవారం, ఇస్లామాబాద్‌లో ఫారూఖ్ ఖైసర్ గుండెపోటుతో కన్నుమూశారు. ఆయనకు 75 ఏళ్లు. చిత్రకారుడు, కార్టూనిస్టు, రచయిత, కాలమిస్టు, దర్శకుడు. ఇన్ని పనులు చేసిన మనిషిని పాకిస్తాన్ జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం ఒక బొమ్మ పేరుతో. ఆ బొమ్మ పేరు అంకుల్ సర్గమ్. 1976లో పాకిస్తాన్ ప్రభుత్వ టెలివిజన్ తెరమీద కనిపించినప్పటి నుంచి దాన్ని ఆడించిన చెయ్యీ, దానికి మాటనిచ్చిన గొంతూ ఖైసర్‌వే. కాబట్టి ఆ శుక్రవారం పోయింది ఒక్కరు కాదు, ఇద్దరు.

ఆ వారం పాకిస్తాన్‌లో విషాద వార్తలకు కొదవ లేదు. కరోనా మూడో విడత ఉద్ధృతి వల్ల మే 8 నుంచి 16 దాకా ఇళ్లు కదలొద్దని ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. పండుగకి సొంతూరు వెళ్లలేనివాళ్లు, ఆసుపత్రుల్లో అయినవాళ్లను వదిలి వచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. గాజా మీద బాంబు దాడుల దృశ్యాలు రోజంతా టీవీల్లో తిరుగుతున్నాయి. వీటన్నిటి మధ్య ఒక బొమ్మలాట కళాకారుడి మరణానికి చోటు దొరకడమే విశేషం. దొరకడమే కాదు, దేశంలో ఏ విషయం మీదా ఏకాభిప్రాయానికి రానివాళ్లు సైతం ఈ ఒక్క విషయంలో ఒకే మాట అన్నారు. తమ బాల్యం పోయిందన్నారు.

బాల్యం పోయిందనడం ఇలాంటి సందర్భాల్లో అందరూ వాడే మాటే. కానీ ఖైసర్ విషయంలో ఆ మాట వెనక ఒక చరిత్ర ఉంది. సైనిక పాలన కింద పెరిగిన ఒక తరానికి, ప్రభుత్వ టెలివిజన్లో నిజానికి కాస్త దగ్గరగా మాట్లాడిన గొంతుల్లో ఆ బొమ్మ గొంతు ఒకటి. ఆ దుఃఖం అర్థం కావాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

సరిగమల మామయ్య

ఖైసర్ 1945 అక్టోబరు 31న లాహోర్‌లో పుట్టారు. అక్కడి నేషనల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్‌లో చిత్రకళ చదువుకున్నారు. టెలివిజన్ పాకిస్తాన్‌కు కొత్త. 1964 నవంబరులో లాహోర్ కేంద్రంతోనే మొదలైంది. డెబ్భయ్యో దశకం తొలినాళ్లలో ఆ కేంద్రం చుట్టూ చేరిన ప్రతిభావంతుల బృందంలో శోయబ్ హష్మీ, సలీమా హష్మీ దంపతులు ముఖ్యులు. సలీమా కవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ కుమార్తె. పిల్లల కోసం వాళ్లు చేసిన ‘అక్కడ్ బక్కడ్’ కార్యక్రమంలో బొమ్మలు చేసే పని ఖైసర్‌కు దక్కింది. తర్వాత ఆయన రొమేనియా వెళ్లి గ్రాఫిక్ కళ అభ్యసించారు. తూర్పు యూరప్ దేశాల్లో బొమ్మలాటను పిల్లల కాలక్షేపంగా కాకుండా రంగస్థలంలో ఒక శాఖగా చూస్తారు. దానికి ప్రత్యేక నాటకశాలలుంటాయి, చదువులుంటాయి. అంకుల్ సర్గమ్ ముఖానికి రొమేనియాలోని తన గురువు పోలికలు తెచ్చారని చెబుతారు.

తిరిగొచ్చాక 1976లో మొదలుపెట్టిన కార్యక్రమం ‘కలియాఁ’. అంటే మొగ్గలు. పేరులో పిల్లలు, చూడబోతే పిల్లల కార్యక్రమమే. సర్గమ్ అంటే మన సరిగమే. తనకు అన్నీ తెలుసనుకునే, చుట్టూ ఉన్నవాళ్లు తన మాట విననందుకు విసుక్కునే పెద్దమనిషి అంకుల్ సర్గమ్. ఆయనకు ఎదురు మాసీ ముసీబతే. ఆ పేరును తెలుగులోకి తెస్తే ‘కష్టాల పిన్నమ్మ’ అవుతుంది. పాకిస్తాన్ నగరాల్లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లనూ మాసీ అనే పిలుస్తారు కాబట్టి, ఆ పేరు వినగానే ఏ వాడలోంచి ఏ గొంతు మాట్లాడుతుందో చూసేవాళ్లకు తెలిసిపోయేది. వీళ్లతో పాటు హైగా, సిగ్గరి షర్మీలీ, పంజాబీలో ‘గోల’ను గుర్తుచేసే పేరున్న రోలా. ఒక ఇల్లు, ఒక వీధి, ఒక ఊరు కలిపితే వచ్చే జనం వాళ్లు.

వాళ్ల మాట పుస్తకాల ఉర్దూ కాదు. పంజాబీ యాస, లాహోర్ వీధుల విసురు కలిసిన వాడుక మాట. రాత్రి 9 గంటల వార్తల్లో అరబీ, పారసీ పదాలతో బరువెక్కిన ఉర్దూ వినివిని అలసిన చెవులకు అదొక ఊరట. పేర్లతో ఆడుకోవడం ఖైసర్‌కు చివరిదాకా పోని అలవాటు. ఆయన పుస్తకాల్లో ఒకదాని పేరు ‘మీఠే కరేలే’. అంటే తీపి కాకరకాయలు. ఇంకొకటి ‘కాలమ్ గలోచ్’. తిట్ల దండకానికి ఉర్దూలో ఉన్న మాటలో పత్రికా శీర్షికను ఇరికించారు. ఆయన చేసిన పనంతా ఈ రెండు పేర్లలోనే ఉంది. చేదును తినిపించాలి, తిన్నవాడు నవ్వాలి.

బొమ్మకు దొరికిన వెసులుబాటు

‘కలియాఁ’ మొదలయ్యేనాటికి జుల్ఫికర్ అలీ భుట్టో ప్రధాని. మరుసటి ఏడాది జూలై 5న జనరల్ జియా ఉల్ హక్ ఆయన్ను దించి అధికారం చేతుల్లోకి తీసుకున్నారు. 90 రోజుల్లో ఎన్నికలు పెడతానన్న మనిషి 11 ఏళ్లు కదల్లేదు. 1979 ఏప్రిల్‌లో భుట్టోను ఉరి తీశారు.

పాత్రికేయులకు ఆ కాలం నరకం. 1978 మేలో లాహోర్‌లో సైనిక న్యాయస్థానం పాత్రికేయులకు కొరడా దెబ్బల శిక్ష వేసి అమలు చేయించింది. 1979 అక్టోబరు నుంచి పత్రికలు ప్రతి పేజీనీ సెన్సారు అధికారికి చూపించాకే అచ్చు వేయాల్సి వచ్చింది. కోసేసిన వార్తల చోట ఖాళీ వదిలి పాఠకులకు సంగతి తెలిసేలా చేశారు సంపాదకులు. కొంతకాలానికి ఆ ఖాళీలూ నేరమయ్యాయి. టెలివిజన్లో కనిపించే ఆడవాళ్లు తల మీద దుపట్టా కప్పుకోవాలని ఆదేశాలొచ్చాయి. ప్రముఖ వ్యాఖ్యాత మహతాబ్ చన్నా ఒప్పుకోక తెర వదిలి వెళ్లారు. ఫైజ్ బేరూత్‌లో ప్రవాసంలో గడిపారు. దేశంలో ఉన్నది ఒక్కటే చానెల్. అదీ ప్రభుత్వానిది.

ఆ చానెల్లోనే ఖైసర్ బొమ్మలు ధరల గురించి, సిఫారసుల గురించి, లంచం లేనిదే కదలని ఫైళ్ల గురించి, నీతులు చెప్పి ఆచరించని పెద్దల గురించి మాట్లాడాయి. పిల్లలు బొమ్మల కోసం చూశారు. వెనక కూర్చున్న తండ్రులు మాటల కోసం చూశారు. పిల్లలు నవ్విన చోట కాకుండా ఇంకోచోట పెద్దవాళ్లు నవ్వేవారు. ఎందుకు నవ్వారో చెప్పమంటే మాట దాటేసేవారు. ఆ మాట దాటవేతలోంచే తమకు రాజకీయం మొదట తెలిసిందని నేడు యాభైల్లో ఉన్న తరం చెప్పుకుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

సెన్సారు అధికారి ఇదంతా ఎలా వదిలేశాడు? దానికి బొమ్మలాట స్వభావంలోనే జవాబుంది. సెన్సారుకు వెళ్లేది కాగితం. కాగితం మీద ఉన్నది అమాయకమైన సంభాషణ. బొమ్మ తల ఎక్కడ తిప్పుతుందో, ఏ మాట దగ్గర ఆగుతుందో, ఎవరి గొంతును గుర్తుచేస్తుందో కాగితంలో ఉండదు. పైగా బొమ్మ మీద చర్య తీసుకుంటే అధికారే నవ్వులపాలవుతాడు. గుడ్డ ముక్కలతో చేసిన మామయ్య తనను వెక్కిరించాడని ఏ బ్రిగేడియర్ ఫిర్యాదు చేస్తాడు? చేస్తే ఆ వెక్కిరింత తనకు తగిలిందని ఒప్పుకున్నట్టే.

ఈ ఉపాయం ఖైసర్ కనిపెట్టింది కాదు. పంజాబ్ పెళ్లిళ్లలో భాండ్‌లు పెళ్లివారినీ, జమీందారునూ ఎదురుగానే ఎద్దేవా చేసి చేతికి డబ్బు తీసుకుని వెళ్లేవారు. తెలుగువాళ్లకూ ఇది కొత్త కాదు. మన తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టు పోలిగాడు దూరతారు. వాళ్లకు రామాయణంతో పనిలేదు. ఊళ్లో కరణం సంగతి, మునసబు సంగతి, మొన్నటి తగువు సంగతి వాళ్లకు కావాలి. పురాణం తెర మీద ఉన్నంతసేపూ వాళ్లకు రక్షణ ఉంటుంది. ఖైసర్‌కు పురాణం స్థానంలో ‘పిల్లల కార్యక్రమం’ అనే తెర దొరికింది. కేతిగాడిని లాహోర్ పంపి, చేతికి మైకిచ్చి, టెలివిజన్లో కూర్చోబెడితే ఎలా ఉంటుందో అంకుల్ సర్గమ్ అలా ఉండేవాడు.

ఇక్కడ అతిశయోక్తికి పోకూడదు. ఖైసర్ తిరుగుబాటుదారు కాదు. జీవితంలో ఎక్కువ భాగం ప్రభుత్వ టెలివిజన్ జీతంతో, అవకాశాలతో, ఆమోదంతో పనిచేశారు. 1993లో ప్రైడ్ ఆఫ్ పెర్ఫార్మెన్స్, 2021లో సితారా ఎ ఇంతియాజ్ ప్రభుత్వం చేతుల మీదుగానే అందుకున్నారు. ఆయన వ్యంగ్యం అలవాట్లనూ, చిన్న అధికారులనూ కొట్టినంత గట్టిగా జనరళ్లను కొట్టలేదు, కొట్టగలిగే వీలూ లేదు. జనం కోపం పొంగిపోకుండా కాస్త ఆవిరి వదిలే గొట్టంలాగా ఇలాంటి హాస్యం పాలకులకూ ఉపయోగపడుతుందన్న విమర్శను కొట్టిపారేయలేం. టీవీ సెట్టు లేని బలూచిస్తాన్ పల్లెల్లో, సింధ్ మారుమూలల్లో పెరిగినవాళ్లకు అంకుల్ సర్గమ్ జ్ఞాపకమే కాదు. దేశమంతా ఏడ్చిందన్నప్పుడు ఆ దేశం కొలత కూడా గుర్తుండాలి.

అయినా ఒక తేడా మిగులుతుంది. ఎన్నికలు వస్తున్నాయని, అంతా సవ్యంగా ఉందని ఆ పెట్టె ప్రతి రాత్రీ చెబుతున్నప్పుడు, అదే పెట్టెలో వారానికి కొన్ని నిమిషాలు ఒక బొమ్మ ‘అంతా సవ్యంగా లేదు’ అన్నట్టు తల ఊపింది. పిల్లలకు అబద్ధం చెప్పనివాడి మీద పిల్లలు పెంచుకునే నమ్మకం వేరు. అది వయసుతో పోదు.

వరస కలిపిన మనిషి

దక్షిణాసియాలో పిల్లలను అలరించినవాళ్లకు ఒక పోలిక ఉంది. వాళ్లను పేరుతో ఎవరూ పిలవరు, వరసతో పిలుస్తారు. అమర్ చిత్రకథ సృష్టికర్త అనంత్ పై లక్షల పిల్లలకు అంకుల్ పై. ఆకాశవాణిలో తెలుగు పిల్లలకు కథలు, ఆటలు, పాటలు పంచిన న్యాయపతి రాఘవరావు రేడియో అన్నయ్య, ఆయన సతీమణి కామేశ్వరి రేడియో అక్కయ్య. తెలుగునాట పిల్లల పత్రిక పేరే చంద‘మామ’. అంకుల్ సర్గమ్, మాసీ ముసీబతే ఆ కుటుంబంలోని వాళ్లే.

ఈ వరసలు ఊరికే రాలేదు. మన ఇళ్లలో తండ్రి దగ్గర భయం, తల్లి దగ్గర గారాబం ఉంటే, మేనమామ దగ్గరా పిన్ని దగ్గరా ఇంకో రకం చనువు ఉంటుంది. అమ్మానాన్నలు చెప్పనిది వాళ్లు చెబుతారు. పెద్దవాళ్ల తప్పులు పిల్లల ముందు ఒప్పుకునేది వాళ్లే. టెలివిజన్లో ఖైసర్ తీసుకున్నది ఆ స్థానమే. ఆయన బొమ్మ ఉపాధ్యాయుడు కాలేదు, వీరుడు కాలేదు. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని అందరినీ ఆడిపోసుకునే మామయ్య అయ్యాడు.

అందుకే మరణం వచ్చినప్పుడు చిక్కు వచ్చిపడుతుంది. సొంత మామయ్య పోతే ఏం చేయాలో అందరికీ తెలుసు. కబురు రాగానే బయల్దేరతారు, కడసారి చూస్తారు, మైల పాటిస్తారు, దినానికి భోజనం పెడతారు. వరస మాత్రమే ఉండి రక్తసంబంధం లేనివాడు పోతే ఏం చేయాలి? సెలవు అడగలేరు. పక్కవాళ్లకు చెబితే నవ్వుతారేమోనని జంకు. యాభై ఏళ్ల మనిషి ఒక బొమ్మ కోసం కళ్లు తుడుచుకుంటున్నానని ఎలా చెబుతాడు? ఆ తడబాటు అందరిదీ అని తెలిశాక బయటపడుతుంది. ఆంక్షల వల్ల ఎవరింట్లో వాళ్లున్న పండుగ రోజుల్లో ఫోన్లలో పాత వీడియో ముక్కలు పంపుకోవడమే పరామర్శ అయింది.

ఆ పరామర్శలో ఇంకో దుఃఖం కూడా కలిసి ఉండే అవకాశం ఎక్కువ. అప్పటికి ఏడాదిగా కరోనా వల్ల అమ్మానాన్నల్ని, తాతమ్మల్ని సరిగా సాగనంపలేకపోయినవాళ్లు సరిహద్దుకు ఇటూ అటూ కోట్లలో ఉన్నారు. ఆ ఏడుపు లోపలే గడ్డకట్టింది. అంకుల్ సర్గమ్‌ను చూసింది ఎవరి ఒళ్లో కూర్చుని? చాలా ఇళ్లలో ఆ ఒడి కూడా ఇప్పుడు లేదు. అందరి కోసమూ ఒకేసారి ఏడవడానికి అందరికీ తెలిసిన ఒక పేరు దొరికింది.

తెలుగు పాఠకులు ఇలాంటిదే 2020 సెప్టెంబరులో చూశారు. చందమామ చిత్రకారుడు కె.సి. శివశంకరన్, మనందరి ‘శంకర్’, నిండు వయసులో పోయారు. భుజాన శవాన్ని వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ ఆయన గీసిందే. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం మరణించి వారమైనా కాలేదు. అయినా ఆ బొమ్మను వెతికి పట్టుకుని పంచుకున్నవాళ్లు ఎందరో. 1947 జూలైలో మొదలైన చందమామ అప్పటికే ఆగిపోయి ఏళ్లయింది. పత్రిక పోయినప్పుడు రాని కన్నీళ్లు మనిషి పోయినప్పుడు వచ్చాయి. సంస్థలు మెల్లగా చస్తాయి కాబట్టి వాటికి సంతాప దినం ఉండదు. మనిషి మరణమే ఆ రోజును నిర్ణయిస్తుంది.

సంతాపం చెప్పిన చేతులు

అప్పటి ప్రధాని ఇమ్రాన్ ఖాన్ ఖైసర్‌కు నివాళి అర్పించారు. వినోదంతో ఆగకుండా సమాజంలోని అన్యాయాలపై జనాన్ని చైతన్యపరిచాడని మెచ్చుకున్నారు. మాట సరైనదే. ఆ మాట ఏ కాలంలో వచ్చిందన్నదే చూడాలి.

2020 జూలైలో ఇస్లామాబాద్‌లో పట్టపగలు మతీవుల్లా జాన్ అనే పాత్రికేయుణ్ణి కొందరు ఎత్తుకుపోయి, గంటల తర్వాత వదిలేశారు. 2021 ఏప్రిల్ 20న అదే నగరంలో పాత్రికేయుడు అబ్సార్ ఆలం తన ఇంటి దగ్గర పార్కులో నడుస్తుండగా దుండగుడు కాల్చి గాయపరిచాడు. సైన్యం రాజకీయ పాత్రను విమర్శించడంలో ఇద్దరికీ పేరుంది. జియా కాలంలా ఇప్పుడు ఒక్క చానెల్ లేదు. 2002 తర్వాత ప్రైవేటు చానెళ్లు పదులకొద్దీ వచ్చాయి. వాటిలో రాజకీయ హాస్యానికి కొరత లేదు. ఖైసర్ స్వయంగా అంకుల్ సర్గమ్‌ను తీసుకుని ప్రైవేటు తెరల మీదికీ వెళ్లారు. కానీ చానెళ్లు పెరిగినంతగా మాట్లాడగలిగే విషయాలు పెరగలేదు.

ఇది పాకిస్తాన్‌కు మాత్రమే పరిమితమైన జబ్బు కాదు. బంగ్లాదేశ్‌లో కార్టూనిస్టు అహ్మద్ కబీర్ కిశోర్‌ను 2020 మేలో డిజిటల్ భద్రతా చట్టం కింద అరెస్టు చేశారు. 2021 మార్చిలో గాని బెయిలు రాలేదు. అదే కేసులో జైల్లో ఉన్న రచయిత ముస్తాక్ అహ్మద్ 2021 ఫిబ్రవరి 25న నిర్బంధంలోనే చనిపోయారు. మన దేశంలో హాస్యనటుడు మునవ్వర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇండోర్‌లో అరెస్టు చేశారు. నెలకు పైగా జైల్లో ఉంచాక సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇస్తేగాని బయటికి రాలేదు.

మూడు దేశాల్లోనూ పాలకులు, పోయిన హాస్యగాళ్లను గౌరవిస్తారు. అది వాళ్లకు తేలిక. పోయినవాడు రేపు ఏం మాట్లాడతాడో అన్న భయం లేదు. నిన్న మాట్లాడింది ఎవరి గురించో, వాళ్లూ పోయి ఉంటారు. 1988 ఆగస్టులో విమాన ప్రమాదంలో మరణించిన జియా కాలాన్ని ఇప్పుడు ఎవరైనా తిట్టవచ్చు. ఆ కాలంలో ధైర్యం చేసినవాడికి పతకం ఇవ్వడానికి ఈ కాలంలో ధైర్యం అక్కర్లేదు.

అప్పటి సెన్సారుకూ ఇప్పటి సెన్సారుకూ ఉన్న తేడా కూడా ఇక్కడే ఉంది. అప్పుడు కత్తెర పట్టుకున్న అధికారి ఒకడుండేవాడు. అతని కళ్లు ఎక్కడున్నాయో తెలుసు కాబట్టి కళ్లుగప్పడం సాధ్యమైంది. ఇప్పుడు ఎవరు ఫిర్యాదు చేస్తారో, ఏ ఊళ్లో కేసు పెడతారో, ఏ గుంపు మనోభావాలు దెబ్బతింటాయో ముందు తెలియదు. ఆడేది బొమ్మే కదా అన్న మినహాయింపు ఈ గుంపుల దగ్గర చెల్లదు. కేతిగాడి మీద అలగడానికి సిగ్గుపడే మునసబు ఉన్నంతకాలమే కేతిగాడు బతుకుతాడు. అలగడమే గౌరవమనుకునే కాలంలో అతనికి చోటు లేదు.

ఇప్పటి పిల్లలకు ఏముంది?

ఖైసర్ కోసం ఏడ్చినవాళ్ల పిల్లల్లో చాలామందికి ఖైసర్ తెలియదు. ఇంట్లో పెద్దవాళ్లు ఫోను చూపించి ‘ఇదిగో, మా చిన్నప్పటి మామయ్య’ అంటే, రంగు వెలిసిన ఆ బొమ్మలో అంత గొప్పేముందో వాళ్లకు అర్థం కాకపోవచ్చు.

వాళ్ల తప్పేం లేదు. వాళ్లకు దొరికిన బొమ్మలు వేరు. 2016లో పాకిస్తాన్ పంజాబ్ శాసనసభలో ఇమ్రాన్ ఖాన్ పార్టీ వాళ్లు ఒక తీర్మానం ప్రవేశపెట్టారు. హిందీలోకి డబ్బింగ్ చేసిన జపాన్ కార్టూన్ ‘డోరేమాన్’ పిల్లల భాషను, నడతను పాడుచేస్తోందని, దాన్ని నిషేధించాలని కోరారు. అంతకు మూడేళ్ల ముందు, 2013 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ ఇదే కారణంతో హిందీ డోరేమాన్‌ను నిషేధించింది కూడా. జపాన్ పిల్లి హిందీలో మాట్లాడుతుంటే ఢాకాలో, లాహోర్‌లో పిల్లలు ఆ భాష నేర్చేసుకుంటున్నారు. ఆ బెంగ అర్థం చేసుకోదగిందే. కానీ ఆ పిల్లికి బదులు తమ భాషలో మాట్లాడే బొమ్మ ఏదని అడిగితే ప్రభుత్వాల దగ్గర జవాబు లేదు.

జవాబు కోసం ప్రయత్నాలు జరగలేదని కాదు. 2011లో అమెరికా ప్రభుత్వ సహాయ నిధులతో ‘సిమ్ సిమ్ హమారా’ పాకిస్తాన్‌లో మొదలైంది. రాణీ అనే ఆరేళ్ల పల్లె పిల్ల బొమ్మ అందులో నాయిక. నిధుల వాడకంపై ఆరోపణలు వచ్చాయంటూ 2012లోనే అమెరికా సాయం ఆపేసింది. నిర్మాతలు ఆ ఆరోపణల్ని తోసిపుచ్చారు. నిజమేదైనా, నష్టపోయింది రాణీ, ఆమెను చూసే పిల్లలు. వాషింగ్టన్‌లో ఒక సంతకంతో ఆగిపోయే బొమ్మ మామయ్యో పిన్నో అయ్యేంత కాలం ఇంట్లో ఉండలేదు. 2013లో వచ్చిన ‘బుర్ఖా అవెంజర్’ లాంటి స్థానిక యానిమేషన్ మంచి పేరు తెచ్చుకుంది. ఇలాంటివి ఒకటీ అరా వచ్చినా, ఏళ్ల తరబడి ఒకే మనిషి పిల్లలతో మాట్లాడుతూ ఉండే ఏర్పాటు ఎక్కడా కనిపించదు.

మన దగ్గరా గొప్పగా ఏం లేదు. పిల్లల సినిమాల కోసం నెహ్రూ కాలంలో పెట్టిన బాలల చిత్ర సమితిని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేయాలని 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. తెలుగులో పిల్లల పత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. రేడియో అన్నయ్య 1984లో పోయాక ఆ వరసలో ఆకాశవాణి మనకు మళ్లీ ఎవర్నీ చూపించలేకపోయింది. పిల్లలకు వినోదం తగ్గలేదు, నిజానికి ఎప్పుడూ లేనంత ఉంది. చెన్నై నుంచి వచ్చే పాటల వీడియోలను ప్రపంచమంతా పిల్లలు చూస్తున్నారు. కాకపోతే ఆ తెర పిల్లవాడి ఊరి గురించి, అతని ఇంట్లో సరుకుల ధర గురించి, అతని తండ్రి నిన్న ఎందుకు చిరాగ్గా ఉన్నాడన్న దాని గురించి ఏమీ చెప్పదు. అన్ని దేశాల్లోనూ అమ్ముడుపోవాల్సిన బొమ్మ ఏ దేశం గురించీ మాట్లాడలేదు.

ఖైసర్ చేసింది దీనికి సరిగ్గా ఎదురు. ఒక్క దేశంలో, ఒక్క కాలంలో, ఒక్క యాసలో మాత్రమే అర్థమయ్యే బొమ్మను ఆయన చేశారు. దాన్ని డబ్బింగ్ చేయలేం. అందుకే అది లాహోర్ పిల్లలకు సొంతమైంది. అందుకే వాళ్లు నలభై ఏళ్లు గడిచినా మర్చిపోలేదు.

పిల్లల కార్యక్రమాలంటే నీతులు, రంగులు, పాటలు చాలనుకునే ఏ ప్రసార సంస్థ అయినా ఈ మరణం నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. పిల్లలు తమను నవ్వించినవాళ్లను ఇష్టపడతారు. తమ ముందు నిజం దాచనివాళ్లను గుర్తుపెట్టుకుంటారు. పాకిస్తాన్ ప్రభుత్వం ఖైసర్‌కు నిజంగా నివాళి అర్పించదలచుకుంటే, తన సొంత టెలివిజన్లో వారానికి అరగంట ఒక కొత్త బొమ్మకు ఇచ్చి, అది ఏమన్నా అలగనని మాటివ్వాలి. ఆ పని ఢిల్లీ, ఢాకాలు చేసినా ఎవరూ వద్దనరు.

ఆ అరగంట ఇప్పట్లో ఎవరూ ఇచ్చేలా లేరు. అంతవరకూ ఒక తరం తమ ఫోన్లలో పాత ముక్కలు చూసుకుంటుంది. పక్కన కూర్చున్న పిల్లవాడు బొమ్మను చూసి ఒకచోట నవ్వుతాడు. పెద్దవాళ్లు ఇంకోచోట నవ్వుతారు. ఎందుకు నవ్వావని వాడు అడుగుతాడు. ఈసారైనా మాట దాటేయకుండా చెప్పడం ఆ పెద్దవాళ్ల చేతుల్లో ఉంది.